పూత పట్టని అనప

మా ఆయన చేనును సోలారు కరెంటు కంపెనీకి కౌలుకిచ్చి ఇంటికి వచ్చిన రోజు నేను వంటింటి గడపలో కూర్చుని అనపగింజలు పితుకుతున్నాను. నానిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. పితికిన పప్పు కూరంటే ఆయనకు ప్రాణం. ఆ రోజు మాత్రం అది ఆయన గొంతు దిగకుండా చేశాను.

"ఎవరినడిగి సంతకం పెట్టినావు?" అన్నాను.

"అడిగేదేముండాది మే? వల్లూరంతా ఇచ్చినారు. మనదొక్కటే నడిమధ్యలో పెట్టుకోని ఏం చేస్తాం? వాన యాడ పడతాండాది?"

"పడినప్పుడు పండలేదా?"

"పహణీ నా పేరు మీద ఉండాది," అన్నాడు, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు.

పహణీ అంటే భూమి ఎవరిదో చెప్పే సర్కారు కాగితం. దాంట్లో మా ఆయన పేరుంది, వాళ్ల నాయన పేరుంది. కలుపు తీసిన దాని పేరు, వేరుశనగ పీకిన దాని పేరు, కుప్ప దగ్గర కాపలా కూర్చున్న దాని పేరు ఆ కాగితంలో రాసే గడి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె తీసుకెళ్లి పప్పంతా కుడితి తొట్టిలో పోశాను. బర్రె తిన్నది. ఆయన పెరుగన్నం తిని పడుకున్నాడు.

నాకు కోపం ఎక్కువ. మా ఊరు కర్ణాటకలోది; నేను పుట్టింది సరిహద్దుకు అవతల, ఆంధ్రాలో, మడకశిర వైపు. అక్కడ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. వచ్చిన వారానికే మా అత్త నా సంగతి కనిపెట్టి, "మిరపకాయ బజ్జీని తెచ్చుకుంటిమి" అని ఊరంతా చెప్పుకుంది. నేనేమీ సిగ్గుపడలేదు. కోపం వచ్చిన ప్రతిసారీ న్యాయం నా వైపే ఉందని నా నమ్మకం.

చేను పోయిందంటే నాకు ముందు గుర్తుకొచ్చింది వేరుశనగ కాదు, అనప. వేరుశనగ విత్తనం ఎక్కడైనా దొరుకుతుంది. ఎనిమిది సాళ్ల వేరుశనగకు ఒక సాలు చొప్పున మేము వేసే నాటు అనప అలా కాదు, అది మా అత్తకు వాళ్ల అత్త దగ్గర నుంచి వచ్చిన విత్తనం. అంగట్లో అమ్మే అనపకు కాయ నున్నగా, గింజ పెద్దగా ఉంటుంది కానీ వాసన సున్నా. మా దాని కాయ వలిస్తే వేళ్లకు జిడ్డు అంటుకుని, సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా వాసన పోదు. మా వీధిలో ఎవరింట్లో అనపకాయ ఉడుకుతోందో వీధి చివర నుంచే చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ వీధిలోవాళ్లందరి చేలూ కంచె లోపలే ఉన్నాయి. అడిగి తెచ్చుకుందామన్నా ఆ విత్తనం ఎవరి దగ్గరా మిగల్లేదు. నా దగ్గర మాత్రం బూడిదలో కలిపి కుండలో దాచిన గింజలు రెండు దోసెళ్లు ఉన్నాయి. రెండు మూడేళ్లకు ఒకసారైనా మన్నులో వేసి కొత్త గింజ తీసుకోకపోతే మొలక చచ్చిపోతుంది.

మొదటిసారి ఒక దోసెడు ఇంటి వెనక ఖాళీ జాగాలో వేశాను. మోకాలెత్తు వచ్చాక ఒక పొద్దున గొర్రెల మంద వచ్చి మొదళ్లు కూడా మిగల్చకుండా మేసిపోయింది. నేను చీపురు పట్టుకుని కాపరి వెంట పడ్డాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. అతను పారిపోలేదు. కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి, "మేత ఇంగ యాడ ఉండాదో నువ్వే చూపియ్యక్కా, ఆడికే తోలుకుపోతా," అన్నాడు. ఊరి చుట్టూ ఉన్న బీళ్లన్నీ సోలారు అద్దాల కింద పడ్డాయి, నిజమే. అయినా ఇంకా గట్టిగా తిట్టాను.

అప్పుడే నెట్టిల్లు కట్టాలని పట్టు పట్టాను. పెద్ద రైతులు వేసే పాలీహౌస్ కాదు, ఇంటి వెనక గోడకు ఆనించి, చుట్టూ పైనా పచ్చ వల కప్పిన చిన్న గది. ప్యానెళ్లు వచ్చే చెక్క పెట్టెలను పలకలుగా విప్పి ఊళ్లో అందరూ మంచాలకూ కోళ్ల గూళ్లకూ వాడుకుంటున్నారు. మా అబ్బాయి సోలారులో ప్యానెళ్లు కడిగే పనికి పోతాడు, వాడు తెచ్చిన పలకలతో గుంజలు నిలబెట్టాం. పచ్చ వల పావగడలో కొన్నాం. ఒక మూలన రాళ్ల కట్ట మీద నీళ్లకు నల్ల ట్యాంకు పెట్టి, దాని నుంచి డ్రిప్పు పైపులు లాగాం. "చేను పోయినాక చేట్లో సేద్యమా?" అని మా ఆయన నవ్వాడు. ఆ మాటకు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆషాఢంలో వాన పడిన మర్నాడు, కుండ బోర్లించి దులిపి, మిగిలిన దోసెడు గింజలూ వేసేశాను. ఒక్కటి కూడా దాచుకోలేదు. ఇవి పండకపోతే మా అనప ఇక లేదు. వరసలన్నీ అయ్యాక నాలుగు గింజలు మిగిలితే ట్యాంకుకూ ఇంటి గోడకూ మధ్య ఉన్న సందులో గుచ్చాను. డ్రిప్పు పైపు అక్కడిదాకా అందలేదు. నా మోకాళ్ల నొప్పులతో ఆ సందులోకి మళ్లీ దూరే ఓపిక లేదు. వాటిని లెక్కలోంచి తీసేశాను.

మొక్కలు ఎంత బాగా వచ్చాయంటే, చూసిన ప్రతివాళ్లకూ దిష్టి తీసి పొమ్మని చెప్పేదాన్ని. తాళ్లు పట్టుకుని తీగలు పైకప్పు వలను తాకాయి. ఆకులు అరచేయంత అయ్యాయి. లోపలికి పోతే మా చేనులో నిలబడ్డట్టు ఉండేది. కార్తీకం వచ్చింది. ఇప్పటికి పూత కనిపించాలి. కనిపించలేదు. కార్తీకం వెళ్లిపోయింది. పావగడ సంతకు అనపకాయలు బుట్టల కొద్దీ వచ్చాయి. నా తీగల మీద ఒక్క మొగ్గ లేదు.

మొదట వల అమ్మినవాడి మీద పడ్డాను. వాడు, "ఎరువెక్కువైంటుందక్కా, ఆకుకు పోతాండాది బలమంతా," అన్నాడు. ఎరువు మానేశాను. పది రోజులు చూశాను. ఆ తర్వాత నాకే తట్టింది: అనపకు మంచు కావాలి. మంచు తగిలితేనే అనపకు పూత, మంచు దిగితేనే కాయకు వాసన, ఇది మా దిక్కున చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైన వల కప్పి మంచు ఆపేసి పూత రాలేదంటే ఎట్లా వస్తుంది? నా బుద్ధిని నేనే మెచ్చుకుని, కోడల్ని పిలిచి ఇద్దరం కలిసి పైకప్పు వలంతా చుట్టేశాం. మంచు హాయిగా పడింది. తెల్లారి చూస్తే ఆకుల మీద నీళ్లు జారుతున్నాయి. పూత రాలేదు. మార్గశిరం సగమైంది.

కోడలు ఎవరో చెప్పాలి. మా అన్న కూతురే. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. పావగడలో డిగ్రీ చదివింది. మా అన్నను ఒప్పించి, నా కొడుక్కు చేసుకుంటానని పట్టుబట్టి తెచ్చుకున్నది నేనే. తను నన్ను నోరారా అత్తా అని పిలుస్తుంటే ఇన్నేళ్లూ ఆ ఇంట్లో నాకు పుట్టింటి మనిషి తోడున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం, పూత రాని తీగల మధ్య గంటసేపు తిరిగి బయటికి వచ్చాను. తను ఖాళీ బిందె పట్టుకుని నెట్టిల్లు పక్క నుంచి వస్తోంది. ఏ రోజు ఏ తేదీయో నా తలలో గిర్రున తిరిగింది. ముట్టయిన ఆడది కూరగాయల పాదు దగ్గరికి పోతే తీగ మాడిపోతుందని మా అమ్మ అన్నది, మా అత్త అన్నది, నేను కూడా నా వయసులో నెలకు మూడు రోజులు పెరటి వైపు చూడకుండా ఉన్నాను. ఈ కాలం పిల్లలు ఇవేం పట్టించుకుంటారు?

"ముట్టులో ఉండి లోపలికి పోయినావా?" అని అడిగాను.

తను ఆగిపోయింది. బిందెను చంక మార్చుకుంది.

"నిన్నే అడుగుతాండేది. పోయినావా లేదా?"

"అత్తా, ఒక మాట విను. మా నాయన చామంతి తోటలో..."

"మీ నాయన తోట సంగతి నాకు చెప్పొద్దు. ఆ తోటలో పుట్టిన దాన్నే నేను. నీ చెయ్యి తగిలే ఈ తీగలు గొడ్డుపోయినాయి. మూడు తరాల విత్తనం మే ఇది, నీ చేతుల్లో చచ్చిపాయ. ఇంగ ఈ దిక్కుకు అడుగు పెట్టినావంటే చూడు."

గోడ మీద నుంచి పక్కింటామె చూస్తోంది. మా ఆయన అరుగు మీద కూర్చుని వింటున్నాడు. నేను గొంతు తగ్గించలేదు. తను బిందె నేల మీద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వంట ఆగలేదు, పని ఆగలేదు, అత్తా అనే పిలుపు మాత్రం ఆగిపోయింది. "అన్నం పెట్టినా", "నీళ్లు కాగినాయి", అంతే. నాకు అది కూడా పొగరుగానే కనిపించింది. తప్పు చేసిన మనిషి మాట్లాడదు కదా అనుకున్నాను.

రెండు వారాలు పోయాక ట్యాంకులో పాచి పట్టిందని నీళ్లన్నీ వదిలేశాం. లోపల తోమడానికి మా ఆయన ట్యాంకులోకి దిగాడు. బిరడా ఊడి వెనక్కి పడితే వెతకడానికి నేను ఎట్లాగో పక్కగా ఒదిగి ఆ సందులోకి దూరాను. కన్ను కంటే ముందు ముక్కు పసిగట్టింది. అనప పూత వాసన.

నాలుగు తీగలూ గోడను పట్టుకుని పాకి ఉన్నాయి. నిండా పూసి ఉన్నాయి. పూతే కాదు, కింది కణుపుల్లో వేలెడు కాయలు కూడా ఉన్నాయి. అదే విత్తనం, అదే మన్ను, అదే రోజు వేసినవి. ఎరువు లేదు, డ్రిప్పు లేదు. నేను వాటి ముఖం చూడలేదు. అక్కడే కూలబడి తలెత్తి చూశాను. నెట్టిల్లులో ఏ మూల నిలబడ్డా పెరటి ప్రహరీ అవతల లైటు స్తంభం కనిపిస్తుంది. ఆ సందులోంచి మాత్రం కనిపించలేదు. నల్ల ట్యాంకు అడ్డంగా ఉంది.

ఆ లైటు సంగతి చెప్పకపోతే నా బండారం పూర్తిగా బయటపడదు. మా పెరటి ప్రహరీ అవతల సందు, సందు అవతల సోలారు కంచె. అంతకుముందు ఏడాది ఆ సందులో పాము తిరిగితే నేను మా వీధి ఆడవాళ్లను వెంటబెట్టుకుని సోలారు గేటు దగ్గరికి పోయి కూర్చున్నాను. "మా ఊరి ఎండతో యాడాడి ఊర్లకో కరెంటు పోతాండాదే, మా సందులో చీకటేందప్పా?" అని గొంతు చించుకున్నాను. అర్జీ మీద మొదటి సంతకం నాది. కంచె మీదికి పెద్ద తెల్ల లైటు వచ్చింది. పొద్దు కుంకినప్పటి నుంచి తెల్లారే దాకా మా పెరట్లో సూది పడినా కనిపించేది. నేను దాన్ని నా లైటు అని చెప్పుకుని తిరిగాను.

మా అన్న చామంతి తోటలో బల్బులు కడతారు. చామంతికి పొద్దు కుంకాక కూడా వెలుతురు చూపిస్తే మొగ్గ వేయకుండా ఆగిపోతుంది. పూలకు గిరాకీ వచ్చే రోజులు లెక్కపెట్టుకుని, అప్పటిదాకా వెలిగించి, తర్వాత ఆర్పేస్తారు. చీకటి తగిలాక పూత మొదలు. ఆ బల్బుల తీగలు లాగడానికి మా అన్నకు నేను నిచ్చెన కూడా పట్టుకున్నాను. అనప కూడా పొద్దు కురచయ్యే కాలంలో పూసేదే. నేను దానికి తెల్లార్లూ లైటు పెట్టి, అది చాలదన్నట్టు మంచు పేరు చెప్పి పైకప్పు వల కూడా తీసేశాను. తను ఆ రోజు చెప్పబోయింది ఇదే. నాలుగు మాటలు దాటనివ్వలేదు నేను.

ట్యాంకులోంచి మా ఆయన, "బిరడా దొరికిందా?" అని అరుస్తున్నాడు. నాకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. దానికి ముందు ఇంకెవరినైనా తిట్టాలనిపించింది. నేరుగా సోలారు గేటు దగ్గరికి పోయి లైటు ఆర్పమన్నాను. అక్కడున్నాయన నన్ను గుర్తుపట్టాడు. "నువ్వే కదమ్మా కొట్లాడి ఏపిచ్చుకునింది? అర్జీ ఇంగా మా ఫైల్లోనే ఉండాది," అన్నాడు. కంచె లైట్లన్నీ ఒకటే లైను, ఒక్కదాన్ని ఆర్పే వీలు లేదట. "పాము వస్తే మళ్లా నువ్వే వస్తావు," అని నవ్వాడు. నా జీవితంలో ఒకరు నవ్వుతుంటే నోరు మూసుకుని వెనక్కి తిరిగింది అదొక్కసారే.

ఇంటికి వచ్చి నెట్టిల్లుకు లైటు వైపంతా పెట్టెల పలకలు కొట్టాను, పైన టార్పాలిన్ కప్పాను. సుత్తి దెబ్బలకు వీధంతా బయటికి వచ్చి చూసింది. పుష్యం చివర్లో వరసల్లో కొంచెం పూత వచ్చింది. అప్పటికి ఎండ ముదిరి చాలా మటుకు రాలిపోయింది. నిలిచిన కాయల్లో గింజ తాలు. గట్టి విత్తనమంటూ వచ్చింది ట్యాంకు వెనక నాలుగు తీగల నుంచే. ఎండబెట్టి కొట్టి చెరిగితే ఒక దోసెడు అయ్యింది. నల్ల మచ్చల బూడిదరంగు గింజలు. చాటలో వేసి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ చాట తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. తను రొట్టెల పిండి కలుపుతోంది. క్షమించమని అడగడం నాకు రాదు, ఎప్పుడూ అడగలేదు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నాదే తప్పు. లైటును చూసుకోకుండా నిన్ను అంటి," అన్నాను. "నువ్వు లోపలికి పోలేదని నాకు అప్పుడే తెలిసుండాల్సింది. ఈ విత్తనం ఇంగ నీది. కుండలో నువ్వే పెట్టు."

తను పిండి కలపడం ఆపి నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత పిలిచింది.

"అత్తా, ఆ ట్యాంకు ఎనక చెట్లకు నీళ్లు ఎవరు పోసినారనుకున్నావు?"

అక్కడిదాకా పైపు లేదు. నాలుగు నెలలు వాన లేదు. నేను పోయలేదు. మా ఆయనకు అక్కడ చెట్లున్నాయనే తెలియదు.

"నేనే. దినమూ బిందెడు. నువ్వు మరిచిపోయినావు కదా, ఎండిపోతాయని. ముట్టయినా పోసినా, కాకున్నా పోసినా. మూడు దినాలు నిలిపితే బతుకుతాయా అవి? లోపల వరసలకైతే నేను పోనే పోలేదు. పోయింది ఈటి దగ్గరికే."

చెప్పాల్సిన నిజం ఒకటుంది, దాన్ని దాచి ఈ కథంతా రాయడం దండగ. ఆ మాట వినగానే నా చూపు చాటలోని గింజల మీదికి పోయింది. ప్రతి ఏడూ కొత్త గింజ ఒక గుప్పెడు ముందు దేవుడి దగ్గర పెడతాం. ఇవి పెట్టొచ్చా, పెట్టకూడదా అని నా మనసు లెక్క వేసింది. కళ్ల ముందు పండిన విత్తనం ఉండగా, దాన్ని బతికించిన పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగా. ఒక్క క్షణమే. ఆ క్షణం నా ముఖంలో కనిపించి ఉంటుంది.

తను చూసింది. పిండి చేతులు చీరకు తుడుచుకుని, చాటను రెండు చేతులతో మెల్లగా నా ఒడిలోకి జరిపింది.

"నాకొద్దు అత్తా. నువ్వే పెట్టుకో," అంది.